కిట్టు దొరుకుతుంది, పదిహేనో రోజు దొరకదు: హైదరాబాద్‌లో గర్భనిరోధక, అబార్షన్ సేవలకు మార్కులు

ఈ సేవకు మార్కులు వేయమంటే ముందు "ఎవరికి?" అని అడగాలి. పెళ్లై, ఇద్దరు పిల్లలుండి, ఆధార్ మీద హైదరాబాద్ అడ్రసున్న పాతికేళ్ల ఆవిడ ఇక పిల్లలు పుట్టకుండా ట్యూబెక్టమీ ఆపరేషన్‌కు వస్తే పదికి ఎనిమిది వేయొచ్చు. అదే ఆవిడ "ఆపరేషన్ వద్దు, ఓ మూడేళ్లు ఆగితే చాలు" అంటే ఆరు. పెళ్లికాని ఇరవై రెండేళ్ల అమ్మాయి నెల తప్పి వస్తే మూడు. ఒడిశా నుంచి వచ్చి కోకాపేట వైపు బిల్డింగు పనిలో ఉన్నావిడకు రెండు. అందరికీ మందులు అవే, చూసే డాక్టర్లూ ఆ చదువు చదివినవాళ్లే. తేడా వచ్చేది రెండు చోట్ల: గుమ్మం దగ్గర ఒకసారి, తిరిగి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఇంకోసారి.

సరుకుకైతే లోటు లేదు. ప్రభుత్వ జాబితాలో నిరోధ్, మాలా-ఎన్ హార్మోన్ మాత్ర, ఛాయ మాత్ర, అంతర ఇంజెక్షన్, ఐదేళ్ల కాపర్ టీ 375, పదేళ్ల కాపర్ టీ 380ఏ, 72 గంటల మాత్ర, ఆడవాళ్ల ఆపరేషన్, మగవాళ్ల ఆపరేషన్ అన్నీ ఉన్నాయి, అన్నీ ఉచితం. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలో ఉండేది ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక హెల్పరు. మాత్రలకు, రక్త పరీక్షకు అది చాలు. కాపర్ టీకి, అంతరకు అర్బన్ పీహెచ్‌సీకో (పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఏరియా ఆస్పత్రికో వెళ్లాలి. ఆపరేషన్‌కు, అబార్షన్‌కు సుల్తాన్ బజార్, పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రులు, గాంధీ లాంటి పెద్దాసుపత్రులు. ఇన్ని ఉన్నా కౌంటరు దగ్గర నోటికి వచ్చేది ఒకటో రెండో పేర్లే. కాన్పై పడుకున్నావిడకు కాపర్ టీ, రెండో కాన్పు అయినావిడకు ఆపరేషన్. మిగతావి అడిగినవాళ్లకే, అదీ పేరు పెట్టి అడిగినవాళ్లకే దొరుకుతాయి. పేరు తెలిసేది చదువుకున్నవాళ్లకు. తేడా అక్కడే మొదలవుతుంది.

ఛాయ సంగతి చూడండి. ఇది లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ సీడీఆర్‌ఐలో తయారైన సెంట్‌క్రోమన్, 30 మిల్లీగ్రాముల మాత్ర. హార్మోన్ కాదు, పాలిచ్చే తల్లి కూడా వేసుకోవచ్చు. మాలా-ఎన్ అయితే కాన్పైన ఆరు నెలల దాకా పాలిచ్చేవాళ్లకు పనికిరాదు. ఛాయ మొదటి మాత్ర ముట్టు మొదలైన రోజున వేసుకోవాలి. రెండోది మూడు రోజుల తర్వాత. అంటే ఆదివారం మొదలుపెడితే ఆదివారం, బుధవారం. ఇలా వారానికి రెండు చొప్పున మూడు నెలలు. నాలుగో నెల నుంచి ఆదివారం ఒక్కటే. మామూలుగా చీటీ మీద రాసేది "వారానికి రెండు" అని, అంతే. మూడు నెలల తర్వాత మార్చుకోవాలన్న మాట ఎవరూ చెప్పరు. ఇంకా పెద్ద లోపం ఒకటుంది. ఈ మాత్ర వేసుకునే కొందరికి ముట్టు ఆలస్యమవుతుంది, అది దాని గుణం. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఆవిడ నెల తప్పిందనుకుని మెడికల్ షాపుకెళ్లి అబార్షన్ కిట్టు తెచ్చుకుంటుంది. లేని కడుపుకు మందు వేసుకోవడమన్నమాట. డేటు దాటి పదిహేను రోజులైతే స్ట్రిప్‌తో టెస్టు చేసుకోమని చెప్పడానికి అర నిమిషం పట్టదు.

అంతరకు వస్తే, ఎంపీఏ అనే హార్మోన్ 150 మిల్లీగ్రాములు, మూడు నెలలకో సూది. సూది వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు, మందు తొందరగా కరిగిపోతుంది. రెండో డోసు డేటుకు రెండు వారాల ముందు నుంచి నాలుగు వారాల తర్వాత దాకా వేయించుకోవచ్చు. వలస కూలీలకు ఈ వెసులుబాటు చాలా విలువైనది. కానీ కార్డు ఉన్న సెంటర్‌లోనే వేస్తామంటే పని మారినప్పుడల్లా ఆ విలువ పోతుంది. మొదటి డోసు తర్వాత మానేయడానికి ముఖ్య కారణం బ్లీడింగు మారడం. మొదట్లో చుక్కచుక్కగా అవుతుంది, ఏడాది తిరిగేసరికి చాలామందికి ముట్టే ఆగిపోతుంది. "చెడు రక్తం లోపలే ఉండిపోతోంది" అన్న భయం బస్తీల్లో బలంగా ఉంది. దానికి జవాబు సూది వేసే ముందే చెప్పాలి, ఆగిపోయాక చెబితే నమ్మరు. ఆఖరి సూది నుంచి లెక్కేస్తే మళ్లీ కడుపు నిలవడానికి ఏడు నుంచి పది నెలలు పడుతుందన్నదీ చెప్పాలి. వచ్చే ఏడాదే బిడ్డ కావాలనుకునే కొత్త జంటకు ఇది సరైన పద్ధతి కాదు.

కాపర్ టీ పెట్టడంలో తొమ్మిది మార్కులు, తీయడంలో నాలుగు. కాన్పైన 48 గంటల్లోపు పెట్టడం ఇప్పుడు మామూలైంది, చేయి తిరిగిన నర్సులున్నారు. పెట్టే ముందు సమ్మతి నొప్పుల టేబుల్ మీద కాకుండా గర్భిణిగా చెకప్‌కు వచ్చే రోజుల్లోనే అడిగి కార్డులో రాసుకోవాలి. అలా రాయని చోట "పెట్టిన సంగతే తెలీదు" అనే ఫిర్యాదు వస్తుంది, అందులో న్యాయం ఉంది. ఆరు వారాలకు దారం చూసుకోవాలి, కాన్పు తర్వాత పెట్టినవి జారిపోయే అవకాశం మామూలుగా పెట్టినవాటి కన్నా ఎక్కువ. తీయడానికి మత్తు అక్కర్లేదు, స్పెక్యులం పెట్టి ఆర్టరీ ఫోర్సెప్స్‌తో దారం పట్టుకుని నెమ్మదిగా లాగితే నిమిషాల పని. ఆ నిమిషాల పనికి "ఇంకొన్నాళ్లు ఉంచుకో అమ్మా, బాగానే ఉంది కదా", "మీ ఆయనను తీసుకొని రా", "పెట్టిన ఆస్పత్రికే వెళ్లు" అనే మూడు జవాబులున్నాయి. కారణం అడగకుండా తీయాలి, అదే నియమం. బ్లీడింగు ఎక్కువై, ఇళ్లల్లో పనికి రోజూ నాలుగు గుమ్మాలు తిరిగే మనిషి మూడుసార్లు వెనక్కి పోయిందంటే ఆ బస్తీలో తర్వాత ఆరు నెలలు ఎవరూ కాపర్ టీకి రారు. ఒక్కటి తీయకపోతే పది పెట్టించుకోకుండా పోతాయని ఆశా వర్కర్లకు బాగా తెలుసు. పెట్టిన లెక్కలు అడిగినంత గట్టిగా తీసిన లెక్కలు ఎవరూ అడగరు కాబట్టి పైవాళ్లకు ఆ సంగతి తెలియదు.

ఇక అబార్షన్. ఇక్కడ ఆగి కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

మొదటి తప్పు లెక్కలో. వారాలు లెక్కపెట్టేది కలిసిన రోజు నుంచి కాదు, ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి. డేటు దాటిన రోజుకే నాలుగు వారాలు. "ఒక్క నెలే కదా దాటింది" అనుకునేసరికి ఎనిమిది. మాత్రలతో అబార్షన్‌కు మన దేశంలో అనుమతి తొమ్మిది వారాల దాకా, అంటే 63 రోజులు. ఇక మిగిలింది వారం. ఆ వారంలో ఆదివారం ఓపీ ఉండదు, స్కానింగ్‌కు రేపు రమ్మంటారు, ఆ రేపు పని మానడానికి కుదరదు.

రెండో తప్పు పేరులో. అన్‌వాంటెడ్ 72 అనేది ఎమర్జెన్సీ మాత్ర, కలిసిన 72 గంటల్లో వేసుకునేది, కడుపు నిలిచాక పని చేయదు. అన్‌వాంటెడ్ కిట్ అనేది అబార్షన్ మందు. కౌంటరు మీద వంగి గుసగుసగా అడిగేటప్పుడు వినిపించేది పేరులో మొదటి సగమే. ఒకదానికి బదులు ఇంకొకటి చేతిలో పడితే ఒకరికి కడుపు పెరుగుతూనే ఉంటుంది, ఇంకొకరికి అనవసరంగా బ్లీడింగు. కాబట్టి పెట్టె మీద పేరు కాదు, మందు పేరు చదవాలి. కిట్టులో ఐదు మాత్రలుంటాయి: మిఫిప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములది ఒకటి, మిసోప్రోస్టాల్ 200 మైక్రోగ్రాములవి నాలుగు. ఎమర్జెన్సీ మాత్రలో ఉండేది లెవోనార్జెస్ట్రెల్.

మూడో తప్పు వాడకంలో. మొదటి మాత్ర తర్వాత 24 నుంచి 48 గంటలు ఆగి నాలుగూ వాడాలి. ఆ ఆగడంలోనే మందు పనంతా ఉంది. మొదటిది గర్భాన్ని పట్టి ఉంచే హార్మోన్‌ను అడ్డుకుంటుంది, తర్వాతివి గర్భసంచిని పిండుతాయి. ఐదూ ఒకేసారి మింగమని చెప్పే షాపులున్నాయి, విడిగా రెండు మిసోప్రోస్టాల్ కాగితంలో చుట్టి ఇచ్చేవీ ఉన్నాయి. ఇది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడదు.

షాపు అడగని ప్రశ్నలు ఇవి. కాపర్ టీ లోపల ఉందా? హిమోగ్లోబిన్ ఎంత, ఎనిమిది కన్నా తక్కువైతే ఇంట్లో ఈ మందు వేసుకోకూడదు. రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువ, అందులోనూ పేదింటివాళ్లకు ఎక్కువ. ఆస్తమా లాంటివాటికి చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నారా, రక్తం పలచబడే మందులున్నాయా? బ్లడ్ గ్రూప్ నెగెటివా, అయితే తర్వాతి కాన్పులో బిడ్డకు హాని కాకుండా ఇచ్చే యాంటీ-డి సూది సంగతేంటి? అన్నిటికన్నా ప్రమాదకరమైనది గర్భం ట్యూబులో ఉండటం. నూటికి ఒకరిద్దరికి అలా ఉంటుంది. ఈ మాత్రలు దాని మీద పనిచేయవు, కానీ ఎంతోకొంత బ్లీడింగు అవుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం, భుజం నొప్పి ఉంటే ఆటో ఎక్కడమే, ఆలోచించే పని లేదు. గంటకు రెండు ప్యాడ్‌ల చొప్పున వరసగా రెండు గంటలు తడిసినా అంతే.

పదిహేనో రోజు చెకప్. పేరుకు ఇది నియమం, చేతలకు లేదు. నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి మాత్రలు పూర్తిగా పనిచేయవు, వాళ్లెవరో తేలేది ఆ రోజే. మూత్రం స్ట్రిప్ నాలుగు వారాల దాకా పాజిటివ్ చూపించొచ్చు కాబట్టి ఇంట్లో టెస్టుతో తేల్చుకోవడం కుదరదు. ఇందులోనే ఇంకో చిక్కు, ఈసారి డబ్బున్నవాళ్లకు. నాలుగో రోజే కంగారుపడి స్కానింగ్‌కు పోతే లోపల గడ్డలు కనిపిస్తాయి, అది సహజం. "మిగిలిపోయింది, క్లీనింగ్ చేయాలి" అని గర్భసంచిని గీకే డీ అండ్ సీకి ఎక్కించే నర్సింగ్ హోమ్‌లు ఉన్నాయి. జ్వరం, దుర్వాసన, విపరీతమైన బ్లీడింగు లేకపోతే ఆగొచ్చు. నిజంగా తీయాల్సి వచ్చినా పీల్చి తీసే వ్యాక్యూమ్ పద్ధతి అడగాలి. గీకే డీ అండ్ సీని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో పక్కన పెట్టమంది. పేదావిడకు చెకప్పే ఉండదు, ఉన్నావిడకు అక్కర్లేని క్లీనింగ్ అవుతుంది.

చేత్తో చేసే వ్యాక్యూమ్ యాస్పిరేషన్‌కు ఇవ్వాల్సినంత గౌరవం ఇవ్వడం లేదు. 12 వారాల దాకా చేయొచ్చు, పెద్ద సిరంజి లాంటి పరికరం, ఒక క్యాన్యులా (సన్నని గొట్టం), స్థానికంగా మత్తు, కొద్ది నిమిషాలు. అదే రోజు ఇంటికి. మాత్రలైతే ఒకటో రోజు, మూడో రోజు, పదిహేనో రోజు. తెల్లవారకముందే రోడ్లు ఊడ్చి, ఆ పని అయ్యాక ఓపీ చీటీ కోసం నిలబడే మనిషికి మూడు సెలవులంటే మూడు కూలీలు. ఆవిడకు మాత్రల కన్నా ఇదే నయం. అయినా ముందు మాత్రలే రాస్తారు, రాయడానికి థియేటర్ అక్కర్లేదు కాబట్టి.

చట్టం గురించి ఆస్పత్రి కౌంటర్లలో వినిపించేదానికీ అసలు రాసి ఉన్నదానికీ చాలా దూరం. అబార్షన్‌కు సంబంధించిన ఎంటీపీ చట్టం 1971ది, 2021లో సవరించారు. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 దాకా ఇద్దరు, కొన్ని వర్గాలవారికి. ఆ పైన పిండంలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు. సంతకం ఆవిడదొక్కటే, ఫారం సి అనే సమ్మతి పత్రం మీద. భర్త సంతకం చట్టంలో లేదు, అత్తగారిదీ లేదు. ఆధార్ తప్పనిసరి అనీ లేదు. సవరణలో "వివాహిత, ఆమె భర్త" అన్న చోట "స్త్రీ, ఆమె భాగస్వామి" అని మార్చారు. పెళ్లికానివాళ్లకూ 24 వారాల దాకా హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న చెప్పింది. వివరాలు బయటపెడితే ఏడాది దాకా జైలు. "ఏమ్మా, పెళ్లైందా?" అని హాలంతా వినేలా అడిగేవాళ్లకు ఈ చివరి వాక్యం చూపించాలి.

చట్టంలోని ఆర్‌ఎంపీ వేరు, మన ఆర్‌ఎంపీ వేరు. చట్టం చెప్పేది రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ గురించి, అంటే డిగ్రీ ఉండి, స్త్రీల వైద్యంలో అనుభవమో శిక్షణో ఉన్న డాక్టరు. మన దగ్గర ఆర్‌ఎంపీ డాక్టర్ అంటే వీధి చివర గ్లూకోజ్ ఎక్కించే ఆయన. "ఆర్‌ఎంపీ చేయొచ్చని చట్టంలోనే ఉంది" అని ఎవరైనా అంటే మోసపోవద్దు. ప్రైవేటు చోటైతే గోడ మీద అబార్షన్‌కు అనుమతి ఇచ్చే ఫారం బి సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి. ప్రభుత్వ ఆస్పత్రికి అది అక్కర్లేదు.

పద్దెనిమిది లోపు పిల్లలకు సంరక్షకుల సంతకం కావాలి, పైగా పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పోలీసులకు తెలియజేయాలి. డాక్టర్లు జంకేది అక్కడే, "ఇంకో చోటికి వెళ్లండి" అని పంపేదీ అందుకే, వారాలు గడిచేదీ అలాగే. ఆ 2022 తీర్పులోనే ఇంకో మాట ఉంది: సమ్మతితో జరిగిన సంబంధమైతే, అమ్మాయి గానీ సంరక్షకులు గానీ కోరినప్పుడు, ఆ రిపోర్టులో ఆమె పేరు, గుర్తింపు వివరాలు ఇవ్వనక్కర్లేదు. ఇది తెలిసిన ఆస్పత్రికి, తెలియని ఆస్పత్రికి మధ్య తేడా ఆ పిల్లకు నెలంత ఉంటుంది. లింగనిర్ధారణ చట్టం భయం ఇంకొకటి. కిట్టు తొమ్మిది వారాల మందు, స్కానింగ్‌లో ఆడా మగా తెలిసేది అది దాటాకే. ఆ భయంతో కిట్టు అమ్మకానికి పెట్టని షాపులవాళ్లు ఏం ఆపుతున్నట్టో వాళ్లకే తెలియాలి.

ఆపరేషన్‌కు ఎనిమిది ఎందుకు, పది ఎందుకు కాదు? 2022 ఆగస్టు 25న హైదరాబాద్ పక్కనున్న ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి ల్యాపరోస్కోపీతో (చిన్న కోతలోంచి గొట్టం పంపి) ట్యూబెక్టమీ చేశారు, నలుగురు చనిపోయారు. మార్గదర్శకాల ప్రకారం ఒక బృందం రోజుకు 30కి మించి చేయకూడదు, అదీ మూడు ల్యాపరోస్కోపులుంటే, అంటే ఒక్కో పరికరానికి పది. ఎందుకంటే ఒక్కో కేసు తర్వాత పరికరాన్ని క్రిములను చంపే గ్లూటరాల్డిహైడ్‌ ద్రావణంలో 20 నిమిషాలు ముంచి ఉంచాలి. లెక్క వేస్తే సమయం చాలని చోట కోత పడేది ఆ 20 నిమిషాలకే. ఇలా గుంపుగా ఆపరేషన్లు చేసే క్యాంపులు ఆపమని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. వెళ్లేవాళ్లు ఆ రోజు ఎందరికి చేస్తున్నారో అడగాలి, అడగడానికి సిగ్గుపడొద్దు. వయసు 22 నుంచి 49, ఏడాది దాటిన బిడ్డ ఒక్కరుంటే చాలు, "ఇద్దరు ఉండాల్సిందే" అన్నది కౌంటరు వేదం. నెల తర్వాత సర్టిఫికెట్ తీసుకుని దాచుకోవాలి, ఫెయిలైతే పరిహారానికి అదే ఆధారం.

పరిశోధనల్లో ఈ తేడాలు ఎంతవరకు కనిపిస్తాయి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో దేశంలో పెళ్లైన ఆడవాళ్లలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 37.9 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైనే. ముస్లిం మహిళల్లో దేశమంతటా ఆపరేషన్ తక్కువ, మాత్రలు, కండోమ్‌లు ఎక్కువ. అంటే పాతబస్తీకి కావాల్సింది నెలనెలా తప్పని సరఫరా, ఉర్దూలో మాట్లాడే నర్సు. ఆపరేషన్ల సంఖ్యతో సెంటర్‌ను కొలిస్తే అక్కడ అందరూ ఫెయిలైనట్టే కనిపిస్తుంది. అబార్షన్ లెక్కలు ఇంకా మసక. కులం వారీగా పట్టిక వేయాలంటే ముందు ఆవిడ చెప్పాలి కదా, "నెల ఆగితే మందు వేసుకున్నా" అనే మాటను ఏ గడిలో రాస్తారు? 2015లో దేశంలో 1 కోటి 56 లక్షల అబార్షన్లని ఒక అంచనా. అందులో 73 శాతం ఆస్పత్రుల బయట, మాత్రలతోనే. అది తేలింది ఆస్పత్రి రిజిస్టర్ల నుంచి కాదు, ప్రధానంగా మందుల అమ్మకాల లెక్క నుంచి. కౌంటరు మీద అమ్ముడైన పెట్టెకు కులం, మతం, వయసు ఉండవు. ఆ అధ్యయనం వివరంగా సర్వే చేసిన ఆరు రాష్ట్రాల్లో తెలంగాణ లేదు.

మర్చిపోయిన ఐటమ్ ఒకటి: మగవాళ్ల ఆపరేషన్. కోత లేదు, కుట్టు లేదు, పావుగంట. మూడు నెలలు కండోమ్ వాడి, వీర్యం పరీక్షలో కణాలు లేవని తేలాక సర్టిఫికెట్ ఇస్తారు. ఆడవాళ్ల ఆపరేషన్ కన్నా తేలిక, ప్రమాదం తక్కువ. సేవకు తొమ్మిది మార్కులు, సిబ్బంది ఓపిగ్గా చెబుతారు, నిలబడాల్సిన పనే ఉండదు. ఆ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో దీని వాటా 0.3 శాతం, అందుకే క్యూ ఉండదు.